పంటితో తుంచిన పోగు

ఆదిలక్ష్మమ్మ నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరపడం తిమ్మప్ప చాలా రోజులుగా చూస్తూనే ఉన్నాడు. చూశాడు, అంతే. ఇంట్లో ఆడది ఎంత తింటోందో కనిపెట్టే మగవాడు ధర్మవరంలోనే కాదు, ఈ భూమ్మీదే అరుదు లెండి. "ఏమే, తినవేమి?" అని ఒకసారి అడిగాడు. "ఆకలి కాల్యాదప్పా" అంది ఆమె. సరే అనుకుని అతను మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు.

తిమ్మప్పది పట్టుచీరల నేత. ఆదిలక్ష్మమ్మది అంతకంటే ఓపిక కావలసిన పని, పడుగు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తే దాని కొసలు అలాగే ఉంచి, పాత పడుగులోని ఒక్కొక్క పోగుకు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును జతచేయాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. అలా వేల పోగులు! ఒకటి తప్పిందా, చీర పొడుగునా గీత పడుతుంది, ఆ గీతతో పాటు నేతగాడి పరువూ పడుతుంది. ఆమె మెలిపెట్టిన పోగు ఊడిందని ఆ వీధిలో ఎవరూ అనగా వినలేదు. అతికాక మిగిలిన తోకను చటుక్కున పంటితో తుంచి తరువాతి పోగు అందుకునేది. బ్లేడు ఇస్తే తీసుకునేది కాదు, జారితే పక్క పోగు తెగుతుందని ఆమె భయం. ఎవరింట్లో పడుగు అయిపోయినా "ఆదక్కను పిలవండ్రా" అనేవాళ్లు. ఆదక్క వచ్చేది, పొద్దు వాలేదాకా కూర్చునేది, ఒక్క మాటైనా మాట్లాడకుండా పని ముగించి పోయేది. నోట్లో నాలుక లేని మనిషి అని ఆమెకు పేరు.

ఆ లోటు తీర్చడానికే దేవుడు తిమ్మప్పను ఇచ్చాడేమో. అతని నోరు మొదలైతే వీధి చివర కుక్కలు కూడా లేచి అవతలికి పోయేవి. పెండ్లాం మీద చెయ్యెత్తిన మనిషి కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ నోరుండగా చేతితో పనేముంది?

రెండువేల ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పెనుకొండలో ఉన్న కూతురు స్వప్న ఇంట్లో అమ్మవారికి దేవర చేశారు. పొట్టేలును ఏట కోశారు, చుట్టాలొచ్చారు, పొయ్యి మీద పెద్ద గుండిగలో ముక్కలు ఉడికాయి. ఆదిలక్ష్మమ్మ కూతురు బలవంతం మీద రెండు ముక్కలు తినింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే కడుపు పట్టుకుని గోడవారగా కూలబడింది. నొప్పి అలలుగా వచ్చేది. వచ్చినప్పుడు పమిట కొంగు నోట్లో కుక్కుకునేది, పోయినప్పుడు చెమటలు తుడుచుకుని "ఏమీ లేదు పోండి" అనేది.

దేవర కూడు పడలేదని ఇంటికొచ్చిన చుట్టాలంతా ఏకగ్రీవంగా తేల్చేశారు. స్వప్న వాళ్ల వీధిలో కడుపు తోమే అంజనమ్మను పిలిపించారు. ఆమె బొడ్డు చుట్టూ వేళ్లతో నొక్కి చూసి, "పేగు మడత పడిండాది. ఇంత ఆముదం పెట్టి సవరిస్తే పొద్దుగూకేలోగా లేచి కూసుంటాది" అంది. పైన ఆముదం పూసి తోమింది, లోపలికి ఇంకో గిన్నెడు ఆముదం తాగించింది. అంజనమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ చేత్తోనే ఎంతమంది పిల్లల ఏడుపు మాన్పించిందో. కానీ ఇది పిల్లల కడుపునొప్పి కాదని ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది? పొద్దు గూకింది గానీ ఆదిలక్ష్మమ్మ లేచి కూర్చోలేదు. తెల్లారేసరికి కడుపు ఉబ్బి బిగుసుకుపోయింది. విరేచనం లేదు, గాలి కూడా కదలలేదు. పచ్చటి వాంతి మొదలైంది.

"నాయనా, ఇంకా ఏం చూస్తాండావు? అమ్మ కండ్లు లోపలికి పోతాండాయి!" అని స్వప్న అరిచింది. తిమ్మప్ప నోట మాట పడిపోయింది. జీవితంలో ఆ నోరు మూతపడటం అదే మొదటిసారి.

అల్లుడు రామాంజికి సొంత జీపు ఉంది. అందులో పడుకోబెట్టి పెనుకొండలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఎక్స్‌రే తీయించాడు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశాడు, చేతికి సెలైన్ పెట్టాడు, మంచినీళ్లు కూడా ఇవ్వకూడదన్నాడు. ఆముదం సంగతి విని తల కొట్టుకున్నాడు.

"మూసుకుపోయిన కాలవలోకి ఇంకా నీళ్లు వదులుతారా ఎవరన్నా? ఇంతకు ముందు కడుపు మీద ఆపరేషన్ ఏమన్నా అయిందా?"

"పిల్లలు పుట్టకుండా చేస్తారే, అది ఒకటే సార్" అంది స్వప్న.

"అట్లాంటి చోట లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని మెలిక పడతాయి. చానామందికి ఈ గొట్టం వేసి రెండు రోజులు కాచుకుంటే దానంతట అదే విడిపోతాది. ఈమెకు అదే అయ్యుంటే కాచుకోవచ్చు. కాకపోతే మాత్రం కాచుకున్న కొద్దీ పేగుకు రక్తం ఆగి నల్లబడి కుళ్లుతాది. యాడ అడ్డుపడింది, ఏంటికి అడ్డుపడింది అనేది ఈ ఎక్స్‌రే చెప్పదు. హిందూపురం పోండి. ఆడ సీటీ స్కాన్ ఉండాది. అది చూస్తేనే ఆగల్లనా, కోయల్లనా తేలేది."

జీపు పరుగెత్తింది. స్వప్న తల్లి తలను ఒళ్లో పెట్టుకుంది. తిమ్మప్ప సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ముక్కులోని గొట్టం గుండా పచ్చనీళ్లు బొట్లు బొట్లుగా సంచిలోకి దిగుతుంటే కన్ను తిప్పుకోలేకపోయాడు. సోమందేపల్లి దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. రామాంజి హారన్ కొట్టాడు, కాపరి నింపాదిగా చూశాడు, గొర్రెలు అంతకంటే నింపాదిగా నడిచాయి. తిమ్మప్ప సెలైన్ సీసాను ఇంకో చేతికి మార్చుకున్నాడు. బాబయ్యా, ఈ మనిషిని లేపు సామీ, పెనుకొండకొచ్చి నీ దర్గాలో చక్కెర చదివిస్తాను అని మనసులోనే మొక్కుకున్నాడు. ఈమె లేకపోతే తాను ఏమైపోతాడు? అన్నం ఏ గిన్నెలో ఉంటుందో కూడా తెలియని మనిషి. ఛీ, ఇప్పుడా అన్నం సంగతి అని తనను తానే తిట్టుకున్నాడు. మళ్లీ అదే భయం వచ్చి మీద కూర్చుంది.

హిందూపురం నర్సింగ్‌హోమ్‌లో సర్జన్ పేరు వసుంధర. గట్టిగా మాట్లాడని మనిషి. కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, నాడి చూసి, "ముందు స్కాన్‌కు పోనీండి" అంది. స్కాన్ సెంటర్ పక్క కట్టడంలోనే ఉంది. చల్లటి గది. మధ్యలో నిలబెట్టిన పెద్ద తెల్లటి చుట్టు, దాని నోట్లోకి జారే బల్ల.

ఆదిలక్ష్మమ్మ దాన్ని చూసి తిమ్మప్ప చొక్కా పట్టుకుంది. "నన్ను ఈడ ఒక్కదాన్నే ఇడిసిపెట్టొద్దప్పా. కరెంటు పెడతారేమో."

"కరెంటు కాదమ్మా, ఫొటోనే" అన్నాడు స్కాన్ తీసే కుర్రవాడు. "చేతికి ఒక మందు ఎక్కిస్తాము. ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కినట్ల ఉంటాది, భయపడాకు. నేను చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టల్ల."

తిమ్మప్పను బయటకు పంపి తలుపు వేశారు. అద్దంలోంచి పెండ్లాం పాదాలు మాత్రమే కనపడ్డాయి. బల్ల ముందుకు జరిగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ జరిగింది. ఆ మడమల పగుళ్లలో ఎన్నేళ్ల బూడిదో ఉంది. మగ్గం ముందు ముడుచుకుని కూర్చున్న కాళ్లు అవి. ఈ మనిషిని ఇంత దూరంలో నిలబడి తానెన్నడూ చూడలేదని అతనికి తోచి ఏడుపు వచ్చింది. పక్కన అల్లుడున్నాడు కదా అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నట్టు నటించాడు. రామాంజి చూడనట్టు నటించాడు, మంచి పిల్లవాడు.

డాక్టరమ్మ ఫిల్ములు దీపం పలక మీద పెట్టి తిమ్మప్పను లోపలికి పిలిచింది.

"ఇదో చూడప్పా. ఈ ఉబ్బినవన్నీ చిన్న పేగు చుట్లు. ఇంతవరకు ఉబ్బి నీళ్లు నిలిచి ఉండాయి. ఇక్కడినుంచి కింద ఖాళీగా సన్నగా ఉండాది. అంటే అడ్డం సరిగ్గా ఈడ ఉండాదన్నమాట. పాత ఆపరేషన్ వల్ల పడిన మెలిక కాదు. పేగు లోపలే ఒక ఉండ ఇరుక్కుని ఉండాది. బొరుగుల ఉండలో ఉన్నట్టు మధ్యలో గాలి బుడగలు చూడు. ఇది కాచుకుంటే పోయేది కాదు. ఈ పక్క పేగుకు రక్తం సరిగా అందడంల్యా. ఈ పొద్దే కోయల్ల."

తిమ్మప్ప ఆ ఫిల్ముకు దగ్గరగా జరిగాడు. "గడ్డనా మేడం? పాడు గడ్డనా?"

"గడ్డ అయితే పేగు గోడలోంచి పుడతాది. ఇది మింగిందే. ఏం మింగింది అన్నదే తెలియల్ల నాకు. ఆమెకు వెంట్రుకలు తినే అలవాటుందా?"

అంతే! పొద్దుటినుంచి పడిపోయిన నోరు లేచింది. "ఏం మాటలు మేడం? మా ఆడామె పిచ్చిదనుకుంటిరా? ధర్మవరంలో ఎవర్నన్నా అడుగుపోండి. వెంట్రుకలు తినేదానికి మేమేం..."

"అరిస్తే పేగు తెరుచుకోదు తిమ్మప్పా" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "వెంట్రుకలో, పీచో, నారో. నాకు తెలిస్తే లోపల యాడ యాడ వెతకల్లో తెలుస్తాది. నన్ను అడిగితే ఆమె చెప్పడంల్యా. నువ్వు పోయి అడుగు."

అతను మంచం దగ్గరికి పోయాడు. ఆదిలక్ష్మమ్మ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. స్వప్న తడిబట్టతో అద్దుతోంది. అతన్ని చూసి ఆమె ఏదో తప్పు చేసినట్టు కళ్లు దించుకుంది.

"ఏమే, నిజం చెప్పల్ల. మన్ను గానీ బలపం గానీ, ఏమన్నా తింటాండావా?"

ఆమె దుప్పటి అంచు పట్టుకుని నలిపింది.

"చెప్పవే తల్లీ. లోపల ఏమో ఉండాదంట."

"నీకు కోపమొస్తాది."

"రాదు. నీ తోడు, రాదు."

ఆమె కప్పు వైపు చూసింది. "పోగులు" అంది.

"ఏం పోగులు?"

"అతికినాక తుంచుతా కదా, ఆ కొసలు. నోట్లోనే ఉంటాయి. మింగుతాండాను."

"ఏంటికే? ఉమ్మేస్తే పోయేదానికి మింగుతారా ఎవరన్నా!"

ఆదిలక్ష్మమ్మ తల తిప్పి అతన్ని వింతగా చూసింది. ఆ చూపులో నిష్ఠూరం కూడా లేదు, ఇది కూడా మర్చిపోయినావా అన్న ఆశ్చర్యం తప్ప. "మగ్గం ముందర ఉమ్మగూడదని నువ్వే కదప్పా అంటివి?"

తిమ్మప్పకు గుర్తొచ్చింది. రాకపోతే బాగుండేది. పెళ్లయిన కొత్త. ఆమె పుట్టినూరు రొద్దం. తండ్రి మగ్గం అమ్ముకుని శనక్కాయల సేద్యంలోకి దిగినవాడు, కాబట్టి నేతింటి ఆచారాలు ఆమెకు సరిగా తెలియవు. మొదటిసారి ఈ ఇంట్లో పడుగు అతుకుతూ, తుంచిన పోగును పక్కకు తుపుక్కున ఉమ్మింది. నేతగాళ్లకు మగ్గం దేవుడు. చెప్పులతో దాని దగ్గరికి రారు, పొద్దున్నే దానికి ఊదొత్తి పెట్టకుండా గుంటలో దిగరు, దాని ముందు ఉమ్మడమంటే అన్నం పెట్టే తల్లి ముఖాన ఉమ్మడమే. తిమ్మప్ప గుంటలోంచి లేచాడు. చుట్టూ నలుగురు ఉన్నారని కూడా చూడలేదు. "లక్ష్మి మీద ఉమ్ముతావే కొంపదీసేదానా! ఇందుకే మీ నాయన మగ్గం అమ్ముకుని మన్ను పిసుక్కుంటాండాడు" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆచారం చెప్పడం తప్పు కాదు. చెప్పిన తీరు మాత్రం మనిషన్నవాడు చెప్పే తీరు కాదు. అతను ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు. చేతులకు బూడిద ఉంటుంది, నేల మీద రాలిస్తే ముక్కలు పడుగులో చిక్కుకుంటాయి, ఉమ్మితే లక్ష్మికి కోపం. ఇక మిగిలింది మింగడమే కదా. ఆ రోజునుంచి ప్రతి పోగూ మింగింది. తన ఇంట్లోనే కాదు, వీధిలో ప్రతి ఇంట్లోనూ.

ఆ సంగతితో డాక్టరమ్మ గదిలోకి పోవడానికి అతనికి ముఖం చెల్లలేదు. చివరికి తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. గబగబా వెనక్కి తిరిగి ఇంకో ఫిల్ము తీసి దీపం ముందు పెట్టింది.

"ఆమె అన్నం తిని ఎన్నాళ్లయింది?"

"మొన్న దేవర నాడు రెండు ముక్కలు తినింది మేడం. అంతే."

"జీర్ణాశయంలో ఉన్న ఈ ముద్దను తిన్న కూడే అనుకుంటిమి. కూడు కాదు. ఇది కూడా దారమే. పెద్ద ఉండ ఈడ కూసోనుండాది, దానిలో ముక్క తెగి కిందికి జారి అడ్డం పడింది. ఆమె చెప్పింది మంచిదాయ. లేకుంటే కింది ఉండ తీసి కుట్టేసి పంపిస్తా ఉంటి. మళ్లీ కొన్ని నెలలకు ఇదే కథ. అప్పటికి మనిషి నిలుస్తుందో లేదో." ఆమె గంట కొట్టి నర్సును పిలిచింది. "పేగు రంగు మారి ఉంటే కొంత కోసి తీసేయాల్సి రావచ్చు. ధైర్యంగా ఉండప్పా."

ధైర్యంగా ఉండమని చెప్పడం ఎంత సులువు! ఆపరేషన్ గది ముందు బెంచీ మీద తిమ్మప్ప కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. రామాంజి టీ తెచ్చి ఇచ్చాడు. గుక్కెడు నోట్లో పోసుకున్నాడు గానీ మింగుడు పడలేదు. బయటికి పోయి మోరీలో ఉమ్మి వచ్చాడు. ఉమ్మడం ఎంత చిన్న పని అని అప్పుడు తోచి అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

స్వప్న వచ్చి పక్కన నిలబడింది. "అమ్మ మింగేది నేను పుట్టకముందునుంచా నాయనా?"

"ఊఁ."

"మనింట్లో ఎవరం చూడల్యానా?"

అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. తిట్టినా బాగుండునని అతను అనుకున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. నర్సు పరుగున బయటికొచ్చి వేడినీళ్ల బాటిళ్లు అందుకుని లోపలికి పోయింది. ఏమయిందని అడిగితే "ఉండండమ్మా" అంది. ఆ మాటతో తిమ్మప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక మనిషి దక్కదని నిశ్చయించుకుని, ధర్మవరంలో ఎవరెవరికి కబురు పంపాలో కూడా ఆలోచించాడు పాపం.

ఎండ తగ్గాక డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్కు కిందికి లాగి, "బతికింది" అంది ముందు. తరువాతే మిగతా మాటలు చెప్పింది. పేగు నీలంగా మారి భయపెట్టిందట. వేడినీళ్లలో తడిపిన గుడ్డలు చుట్టి కాసేపు కాచుకుంటే రంగు తిరిగిందట. కోసి తీసేయాల్సిన పని పడలేదట. నర్సు ఒక స్టీలు బేసిను తెచ్చి చూపించింది. అందులో రెండు ఉండలున్నాయి. పెద్దది పిడికిలి కంటే పెద్దది, నల్లగా జిగటగా ఉంది. రంగులన్నీ కడుపులో మగ్గి ఒకటే రంగయిపోయాయి. అక్కడక్కడా జరీ మాత్రం ఇంకా మెరుస్తోంది. తిమ్మప్ప దాన్ని చూసి, బేసిను పట్టుకున్న నర్సు ముందే నేల మీద కూర్చుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఈసారి ఎవరి ముందూ నటించలేదు.

కుట్లు ఆరాక ఆదిలక్ష్మమ్మ ధర్మవరం వచ్చింది. కొన్నాళ్లు తిమ్మప్పే గంజి కాచాడు, మాడ్చాడు, మళ్లీ కాచాడు. పోయి బాబయ్యకు చక్కెర చదివించి వచ్చాడు. ఆమె కోసం చిన్న కత్తెర ఒకటి కొన్నాడు. వీధిలో ఆడవాళ్లందరికీ ఈ సంగతి చెప్పి, ఇంకెవరైనా మింగుతున్నారేమోనని ఇంటింటికీ పోయి అడిగాడు. "ఏమబ్బా, తిమ్మప్పకు ఆపరేషన్ నోటికి చేసినారా ఏమి? ఇంత మెత్తబడిండాడు" అని జనం నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు.

మూడు నెలలకు ఇంట్లో మగ్గం మీద పడుగు అయిపోయింది. వేరే మనిషిని పిలుస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంది. మొదట్లో కత్తెరతోనే కత్తిరించింది. తరువాత చెయ్యి వేగం అందుకుంది, ఏళ్లనాటి అలవాటు కదా, తల వంగింది, పంటితో చటుక్కున ఒక పోగు తుంచింది.

తుంచి, అలాగే ఉండిపోయింది. మింగకూడదని గుర్తొచ్చింది. నోరు బిగించి తిమ్మప్ప వైపు చూసింది. ఆ కళ్లలో భయం అతను చూశాడు.

"ఉమ్మవే" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపి కళ్లతోనే మగ్గాన్ని చూపించింది. డాక్టరు చెప్పింది, మొగుడు చెప్పాడు, కూతురు ఒట్టు వేయించుకుంది. అయినా మగ్గం ముందు ఆ నోరు తెరుచుకోవడం లేదు.

తిమ్మప్ప గుంటలోంచి పైకి వచ్చాడు. ఆమె పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుని, అరచెయ్యి చాచి ఆమె గడ్డం కింద పెట్టాడు.

"మగ్గం ముందర వద్దులేవే. నా చేతిలో ఉమ్ము."

ఆమె ఆ చేతిని చూసింది. తరువాత మెల్లగా పెదవులు విప్పింది. తడిసిన పోగు ముక్క అతని అరచేతిలో పడింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఊఁ, ఇంకోటి అతుకు" అన్నాడు.